స్వప్న తీసిన తరుగు

"బస్సు కిరాయి" అంది స్వప్న, టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంటూ.

మల్లేష్ వెంటనే ఇవ్వలేదు. ఎప్పుడూ వెంటనే ఇవ్వడు. ముందు ఫోను చూసుకుంటాడు. తర్వాత చొక్కా జేబు తడుముకుంటాడు, అందులో ఏమీ లేదని తెలిసే తడుముకుంటాడు. ఆ తర్వాత పర్సు తీసి నూటయాభై రూపాయలు లెక్కపెట్టి, "నిన్నటి చిల్లరేమన్న మిగిలిందా?" అని అడిగి మరీ భార్య చేతిలో పెడతాడు. సూర్యాపేట నుంచి మిర్యాలగూడకు ఉద్యోగానికి పోయొచ్చే పెళ్ళానికి రోజూ డబ్బులిచ్చే మొగుడు తను! ఆ ఇవ్వడంలో ఉన్న రుచి ఆయనకు పొద్దుటి చాయ్‌లో కూడా దొరకదు. ఆ డబ్బు ఆమె జీతంలోదే అన్న ముచ్చట మాత్రం ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

"మిగల్లే" అని నోట్లు తీసుకుని చెప్పులేసుకుంది. గుమ్మం దాటగానే ఆమెకు నవ్వొచ్చింది, భయమూ వేసింది. ఇవాళ ఒకటో తారీఖు. సాయంత్రానికి జీతం పడుతుంది. పదకొండేళ్ళుగా పడుతున్న చోట మాత్రం పడదు. పడకూడదని ఆమె దారిపొడుగునా మొక్కుకుంటూ పోయింది.

పదకొండేళ్ళ కిందట ఉద్యోగం దొరికినప్పుడు మల్లేషే బ్యాంకుకు తీసుకుపోయి ఖాతా తెరిపించాడు. "బ్యాంకు పనులు నేను సూసుకుంట. నీకెందుకు పరేషాన్?" అన్నాడు. ఎంత మంచివాడో అనుకుని పొంగిపోయింది పిచ్చిది. కార్డు ఆయన పర్సులోకి, ఆయన ఫోను నంబరు ఖాతాలోకి చేరాయి. జీతం పడిందన్న కబురు ఆమె కంటే ముందు ఆయనకే తెలుస్తుంది. మల్లేష్‌ది ప్లాట్లు చూపించి అమ్మిపెట్టే పని. అమ్ముడుపోయిన నెల పండగ, పోని నెల స్వప్న జీతం. పోని నెలలే ఎక్కువ. కళ్ళు మసకబారి తల పగిలిపోతోందని, అద్దాలు కావాలని అడిగితే, "వచ్చే నెల సూద్దాం తీ. ముప్పై అయిదేండ్లకే అద్దాలేంది, ముసలిదానివైనవా?" అన్నాడు. ఆ వచ్చే నెలలో ఆయనకు కొత్త ఫోను వచ్చింది. ఆమె అంకెలు కళ్ళు చికిలించుకుని చదువుతూనే ఉంది.

అలాంటి రోజుల్లో సర్కారు బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు డబ్బులు అక్కర్లేదన్నారు. ఆ సాయంత్రం మల్లేష్ చాయ్ హోటలు దగ్గర ఊగిపోయాడట. "ఆడోళ్ళందర్నీ ఊకెనే తిప్పితే సర్కారు ఖతం గాదా?" అని. ఇంటికొచ్చీ అదే పాట. మర్నాడు కిరాయి బంద్ అనుకుంటూ స్వప్న ఊరికే, అలవాటు కొద్దీ, "కిరాయి" అంది. ఆయన ఫోను చూసుకున్నాడు, జేబు తడుముకున్నాడు, పర్సు తీసి నూటయాభై లెక్కపెట్టి ఇచ్చాడు! ఆమె నోరు తెరిచి చెప్పబోయింది. చెప్పలేదు. ఆయన తిట్టే ఆడోళ్ళు వేరు, ఇంట్లో ఉన్నది వేరు. తన పెళ్ళాం కూడా ఆడదే, ఆ బస్సే ఎక్కుతుంది అన్న సంగతి ఆయన బుర్రకు తట్టలేదు. ఇవాళ తడుతుంది, రేపు తడుతుంది అనుకుంటుండగానే రెండేళ్ళు దాటిపోయాయి.

మొదట్లో ఆ నోట్లు సంచిలో నిప్పుల్లా ఉండేవి. మొగుడి డబ్బు కాజేస్తున్నానా అని నిద్ర పట్టేది కాదు. నా డబ్బును నేనే దొంగిలించుకుంటున్నానా అని ఒకరోజు బస్సులో అనిపించి, పక్కనున్నామె ఏమిటా అని చూసేంత గట్టిగా నవ్వింది. కానీ ఉత్త డబ్బు నిలవదు కదా, కరివేపాకుకూ కొత్తిమీరకూ ఇంట్లోకే కరిగిపోయేది. దారి చూపించింది ఆమె కూర్చునే కాంటా గది, ధాన్యం తూకం వేసే చోటు.

మిర్యాలగూడ రోడ్డు మీది ఒక రైసు మిల్లులో ఆమెది కాంటా దగ్గర చీటీలు రాసే పని. ధాన్యం లారీ నిండుగా తూగుతుంది, దించాక ఖాళీగా తూగుతుంది. తేడా ధాన్యం. అందులోంచి తేమకని, తాలుకని మొదట తరుగు తీస్తారు. ఆ తర్వాతే రైతుకు పైసలు. ఒకనాడు మాడుగులపల్లి నుంచి వచ్చిన బుచ్చయ్య అనే ముసలి రైతు ఆమె కిటికీ ముందు నిలబడి కేకలేశాడు. "అందరు ముందుగాల కోసుకుంటరు, పండిచ్చినోనికి ఆఖరుకు మిగిలింది పారేస్తరు! ఇదేం లెక్కనమ్మా?"

చీటీ రాస్తున్న చెయ్యి ఆగిపోయింది. ఇది తన లెక్కే! జీతంలోంచి ప్లాట్ల పనికి తరుగు, బండికి తరుగు, ఆడబిడ్డ ఇంట్లో ఫంక్షన్లకు తరుగు. పండించిన తనకు ఆఖరున బస్సు కిరాయి. మిగిలితే దాచుకుందామనుకున్నన్నాళ్ళూ ఏమీ మిగలదు, ముందు కోసుకున్నవాళ్ళదే డబ్బు. ఆ రోజు నుంచి స్వప్న తరుగు తీయడం మొదలుపెట్టింది. చేతిలో పడిన దాంట్లో సగం ముందుగా పక్కకు, ఏమొచ్చినా ముట్టనిది. మిగతా సగం అవసరాలకు. అందులోంచే వారానికొక్క రోజు మిర్యాలగూడ బస్టాండులో వేడి వేడి మిర్చి బజ్జీ, ఒక్కతే కూర్చుని, ఎవరికీ పెట్టకుండా. ఆ బజ్జీ రుచి ఆమెకు పెళ్ళి భోజనంలో కూడా తగల్లేదు.

బస్టాండు దగ్గరి బ్యాంకులో తన నంబరుతో తనే ఖాతా తెరిచింది. నెలనెలా కట్టే డిపాజిట్టు పెట్టింది. కళ్ళద్దాలు కొనుక్కుంది. అవి పెట్టుకున్న రోజు కాంటా మీద అంకెలు కడిగినట్టు కనబడ్డాయి. ఇంట్లో ఎక్కడివంటారని ఆ అద్దాలు మిల్లులోనే సొరుగులో పడుకునేవి. ఇంటికెళ్ళగానే మళ్ళీ మసక. ఈ మసకే ఆమెను తొలిచేసింది. కిందటి నెల మిల్లు మేనేజరు దగ్గరకు పోయి, జీతం ఈ ఖాతాలో వెయ్యండని కాగితం ఇచ్చింది. "మల్లేష్‌కు ఎరికేనా అమ్మా?" అన్నాడాయన. "జీతం నాది కద సార్" అంది.

సాయంత్రం ఇల్లు చేరి వంటింట్లో ఉల్లిగడ్డలు కోస్తోంది. అత్త లక్ష్మీనర్సమ్మ గడప మీద చిక్కుడుకాయలు ఒలుస్తోంది. మల్లేష్ ముందు గదిలో ఫోను పట్టుకుని పచార్లు చేస్తున్నాడు.

"ఏడైతుంది, జీతం పడలేదేందే? మేనేజరు ఫోనెత్తుతలేడు."

అప్పుడు పోపు డబ్బా పక్కనున్న స్వప్న ఫోను టింగుమంది. ఆమె చేతులు తుడుచుకుంది. ఇవాళ మిల్లు సొరుగులోంచి వెంట తెచ్చుకున్న అద్దాలు సంచిలోంచి తీసి పెట్టుకుని, ఒక్కో అంకె చదువుకుంది. పడింది! పదకొండేళ్ళలో మొదటిసారి తన జీతం తనతో మాట్లాడింది. గట్టిగా అరవాలనిపించింది.

"పడ్డది. నా ఖాతాల" అంది.

మల్లేష్ గుమ్మంలో నిలబడిపోయాడు. ఏం అడగాలో తోచక కంటికి కనబడింది అడిగాడు. "అద్దాలెక్కడివి?"

"బస్సు కిరాయివి."

లక్ష్మీనర్సమ్మ కిసుక్కుమంది. "ఓరి మల్లేషూ, ఆడోళ్ళకు బస్సుల కిరాయెక్కడిదిరా? నేను కోదాడల నీ చెల్లె తానికి పోయినప్పుడల్లా నీ తాన కిరాయి తీస్కుంటలేనా? ఇస్తున్నవు గదా అని ఊకున్న." చిక్కుడుకాయలు వదిలేసి కోడలి వైపు ముందుకు వంగింది. "పిల్లా, నాయి గూడ నీ బ్యాంకులనే పెట్టియ్యి. కొంగుల నిలుస్తలెవ్వు."

స్వప్నకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఈమెకు ఇన్నాళ్ళూ తెలుసా!

మల్లేష్ ముఖం ఎర్రబడింది, కాసేపటికి వాడిపోయింది. "రేపు కోదాడల ప్లాటు సూపియ్య పోవాలె. బండ్ల పెట్రోలు లేదు. పైసలెట్ల?"

స్వప్న పర్సు తీసింది. పొద్దున ఆయనిచ్చిన నూటయాభై మడత కూడా విప్పకుండా అలాగే ఉంది. ఆయన చేతిలో పెట్టింది.

"రేపు బస్సుల పో. నీకు టికెట్టు ఉంటది" అంది. "చిల్లరేమన్న మిగిలితే తెచ్చియ్యి."