మూసిన పెట్టెలో పెద్దపిల్ల

పెట్టెలక్కకి కోపం ముక్కు మీదే ఉంటుంది. కారు స్టీరియోలు బిగించే ఆ వీధిలో చివరి కొట్టు ఆమెది. కారు అదిరేలా మోత పుట్టించే సబ్‌వూఫర్ స్పీకరుకి ఎలాంటి పెట్టె ఉండాలన్న విషయంలో ఆమెతో వాదించి గెలిచినవాళ్ళు ఇంతవరకూ లేరు. ఆమె చేసేది గొట్టం పెట్టె. ముందు స్పీకరు, దాని పక్కన చెయ్యి దూరేంత గొట్టం. లోపలి గాలి కూడా ఆ గొట్టంలోంచి బయటికొచ్చి మోతకి తోడవుతుంది. అన్నివైపులా మూసేసిన పెట్టె కావాలని ఎవరైనా నోరు జారితే ఒంటికాలి మీద లేచేది. ఊపిరాడని పెట్టె ఏం పలుకుతుందని ఆమె వాదన.

ఆ ఉదయం ఒక బుల్లి పాత కారులోంచి పెద్దాయన ఒకడు దిగాడు. ఏ పాటలు వింటారు బాబాయ్ అని అడిగితే, పాటలు కాదమ్మా, ఏనుగు అన్నాడు. పొద్దున్నే దొరికాడు మహానుభావుడు అనుకుంది పెట్టెలక్క. అయినా స్టూలు వేసింది.

ఆయన జూలో ఇరవై ఏడేళ్ళు ఒకే ఏనుగుని చూసుకున్నాడు. దాన్ని పెద్దపిల్ల అని పిలిచేవాడు. ఒళ్ళు తోముతూ ఇంటి సంగతులన్నీ దానికి చెప్పుకునేవాడు. అది మాత్రం ఆయన్ని చూసి ఒక్కనాడూ కిక్కురుమనలేదు. మిగతా ఏనుగులు తమ మనుషుల్ని చూడగానే ఘీంకరిస్తుంటే, నీ పిల్లకి నువ్వంటే లెక్కలేదోయ్ అని తోటివాళ్ళు ఏడిపించేవారు. కిందటేడు దాన్ని ఎక్కడో దూరాన ఉన్న అడవికి పంపేశారు. అంతకుముందు, జంతువుల శబ్దాలు పరిశీలించే ఒకావిడ ఏనుగు కొట్టంలో వారం రోజులు మైకులు పెట్టింది. ఆ రికార్డింగు మొన్న పంపింది. ఏనుగులు మన చెవికి అందనంత కింది స్వరంలో మాట్లాడుకుంటాయట. దాన్ని మామూలు స్పీకర్లు పలకలేవట. ఫోనులో పెడితే ఆయనకి పిట్టల అరుపులు, తన తాళాల గుత్తి, తన గొంతు, అంతే వినిపించాయి.

"నాతో ఎప్పుడైనా ఒక్క ముక్క మాట్లాడిందో లేదో తెలియాలమ్మా," అన్నాడు. "ఇన్నేళ్ళూ నేనొక్కణ్ణే వాగానో ఏమిటో."

పెట్టెలక్క తన కొట్టులోకెల్లా పెద్ద గొట్టం పెట్టెని డిక్కీలో పెట్టి వైర్లు తగిలించింది. రికార్డింగు మొదలైంది. పిట్టలు కూశాయి. ఉన్నట్టుండి స్పీకరు పిచ్చిపట్టినట్టు ముందుకీ వెనక్కీ ఎగరడం మొదలెట్టింది. శబ్దం మాత్రం లేదు. గొట్టంలోంచి బుస్సుబుస్సుమని గాలి. స్పీకరు చిరిగిపోతుందేమోనని ఆమె గబుక్కున ఆపేసింది.

"ఏమీ లేదన్నమాట," అన్నాడు పెద్దాయన. ఆయన ముఖం చిన్నబోయింది.

పెట్టెలక్కకి తల కొట్టేసినట్టయింది. ఏమీ లేకపోతే స్పీకరు అంతలా ఎందుకు ఎగురుతుంది? పాటల మోత వరకే గొట్టం సాయం. అంతకంటే కింది స్వరానికి దిగితే గాలంతా ఆ కన్నంలోంచి పారిపోతుంది, స్పీకరుకి పట్టు దొరకదు. మూసిన పెట్టెలో గాలి ఎక్కడికీ పోదు, స్పీకరుని పట్టి ఉంచుతుంది. అద్దాలెత్తిన చిన్న కారు దానికి ఇంకాస్త బలమిస్తుంది. ఇదంతా ఆమెకి ఎప్పుడో తెలుసు. ఒప్పుకోవాల్సిన అవసరమే రాలేదు.

ఆయన్ని ఆగమని చెప్పి, గొట్టం పీకేసింది. చెక్క గుండ్రంగా కోసి, చుట్టూ జిగురు పూసి, కన్నానికి అడ్డంగా పెట్టి మరలు బిగించింది. జిగురు ఆరేదాకా ఇద్దరూ రెండేసి టీలు తాగారు. తరవాత కారెక్కి తలుపులు మూసుకుని, అద్దాలెత్తారు.

పిట్టలు కూశాయి. మొదట వెనక వీధిని చూపించే అద్దం వణికి, అందులో వీధి చెదిరిపోయింది. తరవాత సీటు వణికింది, ఆ తరవాత పక్కటెముకలు. అది వినపడటం కాదు. ఏదో పెద్ద ప్రాణి వచ్చి కారులో నిండా నిలబడినట్టుంది. వీధి వీధంతా అదరగొట్టిన పెట్టెలక్క, చేతులు ఒళ్ళో పెట్టుకుని చిన్నపిల్లలా కూర్చుండిపోయింది. చేతులు జోడించాలనిపించింది, ఎవరికో తెలియలేదు.

అది ఆగింది. కాసేపటికి ఎక్కడో దూరంగా తాళాల గుత్తి గలగలమంది. గేటు కిర్రుమంది. పెద్దాయన గొంతే, రోజూ అడిగే మాటే: "ఏమే పెద్దపిల్లా, ఇవాళైనా నోరు విప్పుతావా?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆమె మర్నాటి రికార్డింగు పెట్టింది. ముందు ఆ వణుకు, తరవాతే తాళాలు. ఆ మర్నాడూ అంతే.

"అప్పటికి నేనింకా గేటు దాకా కూడా రాలేదమ్మా," అన్నాడాయన. "రోజూ పిలిచేదన్నమాట."

ఆమె నాలుగోరోజుది పెట్టింది. పిట్టలు కూశాయి, అద్దం వణికింది. ఈసారి తాళాలు మోగకముందే, పెద్దాయన ముందుకి వంగి మెల్లగా బదులు చెప్పాడు.

"వచ్చేస్తున్నానే."