వినపడని పిల్లకు కథ

2008 వేసవిలో నాగమల్లేశ్వరి ఒంగోలు నుంచి అమెరికాలో రెడ్‌మండ్‌లోని కూతురింటికి వచ్చింది. ముప్పై ఏళ్లు తెలుగు టీచరుగా పనిచేసి రిటైరైన మనిషి. చిన్నప్పుడు ఆమెకు తండ్రి రోజూ కథలు చదివి వినిపించేవాడు. ఆమె కూడా కూతురు ఉషకు పదేళ్లొచ్చేదాకా అలాగే చదివింది. ఇప్పుడు మూడేళ్ల మనవరాలు కృతి కోసం సూట్‌కేసులో పచ్చళ్లు తగ్గించి మరీ బొమ్మల కథల పుస్తకాలు తెచ్చింది.

వచ్చిన మర్నాడే పిల్లను సోఫాలో పక్కన కూర్చోబెట్టుకుని చదవడం మొదలుపెట్టింది. ఏనుగు మాట్లాడితే గొంతు లావు చేసింది, ఎలుక మాట్లాడితే సన్నం చేసింది. కృతి బొమ్మలు చూస్తోందే తప్ప ఒక్కసారీ తలెత్తలేదు. ఆమె పుస్తకం మూసి, పిల్ల వెనక చేరి చప్పట్లు కొట్టింది. పిల్ల కదలలేదు.

ఉష వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది.

"దానికి వినపడదమ్మా," అంది.

"ఎప్పట్నించి తెలుసు?"

"ఏడాదిన్నర. రెండు చెవులకీ నరమే సరిగ్గా ఏర్పడలేదట. సర్జరీ చేసినా యూజ్ ఉండదన్నారు."

"ఫోన్‌లో సిగ్గుపడుతోంది, మాట్లాడట్లేదు అన్నావు."

"ఏం చెప్పమంటావమ్మా."

నాగమల్లేశ్వరి ఆ పూట అన్నం తినలేదు. వారం పాటు పుస్తకాలు ముట్టుకోలేదు.

ఒక మధ్యాహ్నం కృతే పుస్తకం తెచ్చి ఆమె ఒళ్లో ఎక్కి కూర్చుంది. చదవమన్నట్టు పేజీ మీద తట్టింది. ఆమె చదువుతుంటే అరచెయ్యి ఎత్తి ఆమె గొంతు మీద ఆనించింది. నడుస్తున్న వాషింగ్ మెషీన్ మీద కూడా అలాగే చెయ్యి పెట్టుకుని నిలబడుతుందని ఉష చెప్పింది.

ఆనాటి నుంచి రోజూ అదే వరస. ఉష ఆ వేళకు వంటింట్లో పని కల్పించుకునేది. తల్లి గొంతు వింటుంటే తనకు మళ్లీ ఏడేళ్ల వయసు వచ్చేసేది. అంతలోనే అది తన పిల్లకు అందడం లేదని గుర్తొచ్చి, ఆ గొంతు వినపడకుండా కుళాయి తిప్పేది.

నెల తిరిగాక తల్లి అడిగింది. "ఇక్కడ లైబ్రరీలో చేతులతో మాట్లాడే భాష నేర్పుతున్నారటగా. మీ ఆయన చెప్పాడు. నువ్వెందుకు వెళ్లట్లేదు?"

"నువ్వు చదువుతుంటే దానికి ఇష్టంగానే ఉంది కదమ్మా."

"నా గొంతు అదరడం దానికిష్టం. కథ తెలియట్లేదే దానికి. ఏనుగు ఎందుకేడ్చిందో దానికెవరు చెప్తారు?"

"వెళ్తే ఇంక దానికి మాటలు రావని ఒప్పుకున్నట్టే అవుతుందమ్మా."

"ఒప్పుకో. నాకు మాత్రం తేలిగ్గా ఉందనుకున్నావా?"

ఉష శనివారం క్లాసులకు కృతిని కూడా తీసుకెళ్లింది. పిల్ల రెండు నెలల్లో తల్లిని దాటిపోయింది. పాలు కావాలని, ఇంకా కావాలని, భయమేస్తోందని చేతులతో చెప్పసాగింది. భయమని మొదటిసారి చెప్పిన రోజు ఉష బాత్‌రూమ్‌లోకి వెళ్లి ఏడ్చింది. ఇన్నాళ్లూ పిల్ల ఎన్నిసార్లు భయపడి చెప్పుకోలేకపోయిందో.

అక్టోబరులో, తల్లి తిరుగు ప్రయాణానికి ఇంకా రెండు వారాలుందనగా, ఉష కృతికి ఒక కథ మొదటిసారి మొత్తం చేతులతో చెప్పింది. అందులో తెలుగు లేదు. గదిలో చప్పుడే లేదు. నాగమల్లేశ్వరి ఎదురుగా కూర్చుని కూతురి వేళ్లనూ మనవరాలి మొహాన్నీ మార్చి మార్చి చూసింది. ఒకచోట కృతి పడీపడీ నవ్వింది. ఆమె కూడా నవ్వబోయి ఆగిపోయింది. ఈసారి కథ తెలియనిది ఆమెకే.

"ఇప్పుడేమైంది? ఎందుకు నవ్వింది?"

"కప్ప ఉందమ్మా, అది..." అని ఉష మొదలుపెట్టింది. కృతి ఆమె చేతులు పట్టుకుని తనవైపు లాక్కుంది.

"ముందు దానికి చెప్పు," అంది నాగమల్లేశ్వరి. "నాకు తర్వాత చెబుదువుగాని."

కథ అయ్యాక ఉష చెప్పబోతే నాగమల్లేశ్వరి వద్దంది. శాలువా కప్పుకుని ఇంటి వెనక చెక్క డెక్ మీదికి వెళ్లి, చీకటి పడేదాకా ఒక్కతే కూర్చుంది.