మొక్కలు వేసిందెవరు

వంటింటి గట్టు పక్కన బకెట్ పెట్టుకుని, కొత్త నీటిమొక్కల వేళ్లకు చుట్టిన స్పాంజిని ఆమె ముక్కముక్కగా లాగి తీస్తోంది. కుళ్లిన ఆకులు తుంచింది. ఆకుల వెనక జిగురులా అంటుకున్న నత్తగుడ్లను గోటితో గీకింది. చేపలతొట్టె భర్త సరదా. అద్దాలు తుడవడం, నీళ్లు మార్చడం మాత్రం ఆమె వంతు. పక్కనే గొంతుకూర్చున్న చిట్టి ఒక్కో ఆకునూ ఎత్తి, "ఇది బాగుందా అమ్మా?" అంటోంది.

"ఇంకా అవలేదా? అవి మొక్కలా, పెళ్లికూతుళ్లా?" అంటూ భర్త వచ్చాడు. సాయంత్రం వాళ్ల ఆఫీసు మేనేజరు ఇంటికొస్తున్నాడు, ఆలోగా తొట్టె ముస్తాబు కావాలి.

"పెంచేచోట పురుగుమందు కొడతారటండీ. కొన్నాళ్లు వేరే నీళ్లలో ఉంచాలని కొట్టతను చెప్పాడు. లేకపోతే చేపలు చస్తాయట."

"పదోక్లాసు దాటనిదానివి, నాకు సైన్సు చెప్తున్నావా!"

బకెట్లోని మొక్కలన్నీ గుప్పిట పట్టుకెళ్లి తొట్టెలో గుచ్చేశాడు. చిట్టి చూస్తూనే ఉంది.

పదోక్లాసు. ఆ మాట వినబడితే చాలు, ఆమె నోరు దానంతటదే మూతపడుతుంది. చదువు తను మానలేదు, మాన్పించారు. అమ్మ పనికి వెళ్తే తమ్ముణ్ణి చూసుకునే మనిషి కావలసివచ్చింది, అంతే. పెళ్లయిన కొత్తలో నమ్మి ఆయనతో చెప్పుకుని ఏడ్చింది. ఆయన దాన్ని భద్రంగా దాచుకుని, అవసరమైనప్పుడల్లా తీసి విసురుతున్నాడు. తిరిగి అంటే గొడవ, గొడవైతే పిల్ల బెదిరిపోతుంది. పిల్లకోసమే కదా అని ఊరుకోవడం అలవాటు చేసుకుంది.

తెల్లారేసరికి చేపలన్నీ వెల్లకిలా తేలాయి.

"అయ్యయ్యో, ఏం పెట్టి చంపావమ్మా వీటిని?" అంది అత్తగారు.

"కడక్కుండా వెయ్యొద్దని చెప్తూనే ఉన్నా. వింటేగా!" అన్నాడు ఆయన, రెప్ప కూడా వాల్చకుండా.

అత్తగారు చిట్టిని దగ్గరకు లాక్కుని, "నువ్వు చెప్పవే, మొక్కలు ఎవరేశారు?" అని అడిగింది.

చిట్టి తండ్రి ముఖంలోకి చూసింది. తర్వాత తల దించుకుని, "అమ్మే" అంది.

"చూశావా, పసిపిల్ల అబద్ధమాడుతుందా!"

ఆమె వంటింట్లోకి వచ్చి, వెలిగించని స్టవ్ ముందు నిలబడిపోయింది. ఎవరేమన్నా తట్టుకుంది గానీ, ఆ ఒక్క మాట తట్టుకోలేకపోయింది. కాసేపటికి చిట్టి వెనకనుంచి వచ్చి కొంగు పట్టుకుంది.

"నాన్నే అంటే నాన్నకి కోపమొస్తుంది. నీకైతే రాదుగా అమ్మా!"

పిల్ల బెదరకూడదని తను ఇన్నాళ్లూ మింగిన మాటల్ని, పిల్ల చూస్తూనే ఉందన్నమాట. ఇంట్లో తప్పు ఎవరిమీదకు నెడితే ఏమీ కాదో, అది మాత్రం బాగా నేర్చుకుంది.

చిట్టి చెయ్యి పట్టుకుని హాల్లోకి నడిచింది. గొంతు వణుకుతోంది. వణికితే వణకనీ అనుకుంది.

"అత్తయ్యా, మొక్కలు వేసింది మీ అబ్బాయి. నాకు చాలా కోపంగా ఉంది."

ఆయన లేచి నిలబడ్డాడు. చిట్టి హడలిపోయి చెయ్యి గుంజుకోబోయింది.

ఆమె వదల్లేదు.