ప్లాస్టర్ కింద శృతి

“ఆ కీచుగోల బంద్ పెట్టి జర పప్పు సూడు ప్రసన్నా, మాడుతాంది,” అన్నది అత్త ఏసమ్మ, టీవీ ముందు నుంచి కదలకుండానే.

ప్రసన్న పప్పు దించి, చెయ్యి కొంగుకు తుడుచుకుని మళ్ళీ లాప్‌టాప్ ముందు కూర్చుంది. హనుమకొండలో ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు కంప్యూటర్ చెబుతుంది. ప్రోగ్రాములు రాస్తూ సంగీతం నేర్చుకునే పాఠాలు నెట్‌లో కనబడితే, వంటకీ వడ్డనకీ మధ్య వాటిని పట్టుకుంది. ప్రతి స్వరానికీ ఒక అంకె. స్వరాల మధ్య దూరాలు రాసిపెడితే చాలు, ‘స’ ఎక్కడ పెట్టమంటే అక్కడి నుంచి కంప్యూటర్ పాటంతా వాయిస్తుంది. ఆ ‘స’ అంకె ఒక్కటి మారిస్తే పాట మొత్తం పైకో కిందికో జరుగుతుంది. మొదటిసారి అది విన్నప్పుడు ఏడుపొచ్చేంత సంతోషం వేసింది. ఇంట్లో చెప్పలేదు. చెబితే కూరలో ఉప్పు గురించి మాట్లాడతారు.

ఆమెకు తేలాల్సింది ఒక్కటే. తన గొంతు నిజంగానే పాటకు పనికిరాదా?

పెళ్ళయిన కొత్తలో చర్చిలో పాటలు పాడే క్వయర్‌లో నిలబడితే, కీబోర్డు వాయించే మొగుడు జాన్సన్ అందరి ముందూ అన్నాడు: “నీ గొంతు పగుల్తాంది. పెదవులు కదుపు, సాలు.” అందరూ నవ్వారు. ఏసమ్మ ఇంటికొచ్చి మరీ నవ్వింది. అప్పటి నుంచి ప్రసన్న దేవుడి ముందు కూడా ఉత్త పెదవులే ఆడిస్తోంది.

జాన్సన్‌కు కీబోర్డు తెల్ల మీటల మీద వాయించడమే వచ్చు. శృతి మార్చాలంటే ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కాలి. శృతిని తన గొంతుకు కుదిరిన చోట పెట్టుకుని, ఇంకెవరూ ముట్టకుండా ఆ బటన్ పైన ప్లాస్టర్ అంటించాడు. ప్రసన్న ఆ శృతినే ప్రోగ్రాములో పెట్టి పాడి చూసింది. కింది స్థాయిలో అందుకుంటే పల్లవి గొంతులోనే మునిగిపోయింది, పై స్థాయిలో అందుకుంటే చరణం చీలిపోయింది. అంకె మార్చింది. మళ్ళీ మార్చింది. ఒకచోట పల్లవి నుంచి చివరి చరణం దాకా గొంతు ఎక్కడా పగల్లేదు. నమ్మలేక మళ్ళీ పాడింది. అప్పుడొచ్చింది కోపం.

ఆ పూట జాన్సన్‌కు అన్నం పెడుతూ అడిగింది. వచ్చేది చర్చిలో స్త్రీల ఆదివారం కదా, ఆ ఒక్కరోజు శృతి ఆడవాళ్ళకు పెట్టమంది. తమ గొంతులు పగలడం లేదని, శృతే కుదరడం లేదని చెప్పింది.

జాన్సన్ ముద్ద కలుపుతూనే ఉన్నాడు. “గది నాకు తెల్వదా? మీకు పెడితే నాకు అందది. నేనెట్ల పాడాలె?”

అతనికి తెలుసు. ఇన్నేళ్ళూ తెలుసు. తెలియక అన్నాడులే అని ఎన్నిసార్లు సర్దిచెప్పుకుంది తనకు తాను! పప్పు వెయ్యమన్నాడు. గరిటె గిన్నెలోనే వదిలేసి లేచిపోయింది.

ఆ వారమంతా బడి వదిలాక ఆడవాళ్ళను కూర్చోబెట్టి ప్రోగ్రాముతో పాట పాడించింది. క్వయర్ పెద్ద సుభాషిణి ఒప్పుకుంది. ఆదివారం జాన్సన్ వచ్చేసరికి చర్చి స్పీకర్‌కు కీబోర్డు వైరు లేదు, లాప్‌టాప్ వైరు ఉంది. పాస్టరు ముందు గొడవ పెట్టుకోలేక అతను మగవాళ్ళ వరుసలో, ప్రసన్న లాప్‌టాప్ పక్కనే నిలబడ్డాడు.

పాట మొదలైంది. ఆడవాళ్ళ గొంతులు చర్చి నిండా లేచాయి. చరణం దగ్గర జాన్సన్ గొంతు పైకి అందక పగిలింది. ప్రసన్న వైపు వంగి, “శృతి దించు,” అన్నాడు పళ్ళ బిగువున.

ప్రసన్న అతని వైపు తిరగలేదు.

“మీరు పెదవులు కదుపుండ్రి, సాలు.”