కడియం ఎవరికీ దక్కని కుస్తీ

మంజీర పొంగి నీళ్ళు కుస్తీ నేర్పే తాలీం గడప దాటిన ఏడు పుట్టాను. మా ఊళ్ళో ఏ లెక్కయినా ఆ వరద నుంచే. ఎవరి పెళ్ళయినా, ఎవరి చావయినా, వరదకు ముందా తరవాతా అని అడుగుతారు. నేను తరవాత.

నేను ఒక లంగోటాను. ఎర్రది. కుస్తీ పట్టే మనిషి నడుముకు కట్టుకునేది. ఇంతకన్నా గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు.

ఆ వరదలో తాలీంలోని కుస్తీ బరి మట్టంతా కొట్టుకుపోయింది. దండెం మీద ఆరేసిన పాత లంగోటాలూ పోయాయి. మట్టి పోయినందుకు తాలీం నడిపే బుడన్ ఉస్తాద్ కూర్చుని ఏడ్చాడు. లంగోటాల కోసం ఎవరూ ఏడవలేదు. బోధన్‌లో ఒక దర్జీ మందపాటి గుడ్డ తీసి నాలుగు వరసల కుట్టు వేశాడు. "ఇది చినిగితే నా పేరు మార్చుకుంట" అన్నాడు. దర్జీలు ఇలాంటివి చాలా అంటారు. నా విషయంలో ఆ మాట నిజమైంది. ఒకరోజు దానికే ఆయన్ని తిట్టుకున్నాను.

నన్ను కట్టుకున్నవాడు భోజన్న. ముగ్గురు అన్నదమ్ముల్లో నడిపివాడు. పెద్దవాడూ చిన్నవాడూ పొలం చేసుకుంటారు. ఇతనికి నాగలి పట్టడం రాదు. మీసం రాకముందే తాలీంలో పడేశారు. కుస్తీ తప్ప ఇంకో పని చేతకాదు. మాటలూ తక్కువే. తొడ చరిస్తే ఏటి అవతలికి వినబడేది. మాట్లాడితే పక్కవాడికి వినబడేది కాదు.

మా దగ్గర కుస్తీలు హోళీ తెల్లారి. మొదటి జోడీకి కొబ్బరికాయ ఇస్తారు. అది కొత్తగా లంగోటా కట్టినవాళ్ళకు. తరవాత తువ్వాళ్ళు, చెంబులు. అన్నిటికన్నా చివర, పొద్దు వాలేటప్పుడు, వెండి కడియం. ఆ ఒక్క జోడీ కోసం నాలుగు తాలూకాల జనం చెట్లెక్కి కూర్చుంటారు.

కడియం కుస్తీ పట్టేవాడికి ఊరు పాలు పోస్తుంది. ఇంటికొక రోజు వంతు. పొద్దున్నే గడప ముందు చెంబు ఉంటుంది. ఊరి పాలు తాగినవాడు ఊరి పేరు మీద పట్టాలి. ఇది ఎవరూ రాసి పెట్టలేదు. అందరికీ తెలుసు.

వరద తరవాత మొదటి హోళీకి భోజన్న కొబ్బరికాయ గెలిచాడు. ఏడో ఏటికి కడియం. అక్కడి నుంచి నాలుగేళ్ళు అతని వీపుకు మట్టి అంటలేదు. చెంబు నిండా చిక్కటి పాలు. పండగకు బాదంపప్పు. పటేల్ తన అరుగు మీద పక్కన కూర్చోబెట్టుకునేవాడు. ఆ పాలు తాగి మనిషి ఎంత పెరిగాడో ఊరి జనం తమ పిల్లలను చూసుకున్నట్టు చూసుకునేవారు.

జనం తొడలు చూస్తారు, ఛాతీ చూస్తారు. నేను ఉండే చోటు వేరు. నాకు కడుపు తెలుసు. గెలిచే ఏళ్ళలో కూడా జోడీ పేరు పిలవగానే ఆ కడుపు లోపలికి పోయేది. చెమట ముందు నాకు తగిలేది. తరవాతే తొడ చప్పుడు. పహిల్వాన్లకు భయం ఉండదని ఎవరు చెప్పారో కానీ, వాళ్ళు లంగోటాను అడగలేదు.

వరదకు పదకొండో ఏడు దెగ్లూర్ నుంచి మారుతి వచ్చాడు. చెవులు రెండూ నలిగి ముద్దయిన మనిషి. నిదానంగా నడుస్తాడు. అతని దగ్గర ఒక పట్టు ఉంది. ధోబీ పట్టు. చాకలి బట్టను తిప్పి బండకు కొట్టినట్టు, మనిషిని భుజం మీదుగా తిప్పి నేలకు కొట్టడం. ఆ ఏడు భోజన్న అలాగే పడ్డాడు. మెడ మీద పడ్డాడు.

లేచాడు. మారుతి చెయ్యి పట్టుకున్నాడు. జనం ఇద్దరికీ చప్పట్లు కొట్టారు. ఓడిపోవడం పెద్ద తప్పు కాదు, వచ్చే ఏడు చూసుకోవచ్చు. కానీ మర్నాడు నన్ను కట్టుకునేటప్పుడు అతని ఎడమచేతి వేళ్ళకు నా కొస దొరకలేదు. పట్టుకున్నాననుకుని వదిలేశాడు. మళ్ళీ పట్టుకున్నాడు. మళ్ళీ జారింది.

నెల చూశాడు. బోధన్ అంగడికని ఇంట్లో చెప్పి నిజామాబాద్‌లో ఎముకల డాక్టర్ దగ్గరకు పోయాడు. పహిల్వాన్ లంగోటా లేకుండా గడప దాటడు కనక నేనూ పోయాను.

"మెడకాడ నరం నలిగింది. చెయ్యి గింతనే ఉంటది" అన్నాడు డాక్టర్. "ఇంకొక్కసారి మెడ మీద పడితివా, కాళ్ళు గూడ పోతయ్. మంచంల పడుతవు. కుస్తీ బంద్ చెయ్."

భోజన్న తల ఊపాడు. ఆ ఊపడానికి అర్థం డాక్టర్‌కు తెలియదు. నాకు తెలుసు. ఎవరు ఏం చెప్పినా అతను అలాగే ఊపుతాడు.

ఇంట్లో చెప్పలేదు. ఉస్తాద్‌కు చెప్పలేదు. చెప్తే మర్నాటి నుంచి చెంబు రాదు. నాగలి పట్టడం రాని మనిషి, అదీ ఒక చెయ్యి లేని మనిషి, ఎక్కడికి పోతాడు? ఎడమచేతిని తువ్వాలు మడతలో పెట్టుకుని తిరగడం అలవాటు చేసుకున్నాడు. నన్ను కట్టుకోవడానికి ఒక ఉపాయం కనిపెట్టాడు. నా కొసను తలుపు గొళ్ళేనికి చుట్టి, నడుముతో లాగి, కుడిచేత్తో ముడి వేసేవాడు. గేదెను గుంజకు కట్టినట్టు. అందుకు తలుపు మూసుకోవాలి.

"ఇన్నేండ్ల సంది ఎన్నడన్న సిగ్గుపడ్డవా? ఇప్పుడు తలుపెందుకు పెట్టుకుంటున్నవయ్యా?" అని అతని భార్య లింబవ్వ బయటి నుంచి నవ్వేది.

లోపల ముడి జారేది. మళ్ళీ మొదలు.

పన్నెండో ఏడు జ్వరం అన్నాడు. పదమూడో ఏడు కూడా జ్వరం అన్నాడు. పాలు పలచబడ్డాయి. కొన్ని రోజులు చెంబులో నీళ్ళే తెల్లగా కనబడేవి. అయినా చెంబు రావడం మానలేదు. నాకు అదే ఎక్కువ భయం వేసింది. మానేస్తే బతికిపోయేవాడు. పోస్తున్నంత కాలం బాకీ ఉన్నట్టే కదా.

పద్నాలుగో ఏడు హోళీకి వారం ముందు హోటల్ దగ్గర పటేల్ అందరి ముందూ అడిగాడు. "ఏం భోజన్నా, జొరం ఈ యేడు గూడ తారీకు జూస్కోని వస్తదా?"

అందరూ నవ్వారు. ఇంకొకడు అందుకున్నాడు. "పాలకు మాత్రం జొరం రాదు పటేలా. చెంబు పొద్దుగాలనే తానం జేసి వస్తది."

భోజన్న టీ గ్లాసు కింద పెట్టాడు. కుడిచేత్తోనే. "పడ్త" అన్నాడు, బరిలో దిగుతానని. ఒక్క మాట. ఆ ఒక్క మాటకు అతని కడుపు గట్టిపడి రాయి అయింది. ఆ వారమంతా అది మెత్తబడలేదు.

హోళీ తెల్లారింది. గొళ్ళేనికి చుట్టి నన్ను మూడుసార్లు కట్టాడు. బరి దగ్గర మధ్యాహ్నం నుంచి కూర్చున్నాడు. కొబ్బరికాయ జోడీ అయింది. తువ్వాళ్ళయ్యాయి. ఒక్కొక్క జోడీ అయిపోతుంటే నాకు వరద నీళ్ళు ఒక్కొక్క మెట్టే ఎక్కుతున్నట్టుంది. లింబవ్వ ఆడవాళ్ళలో నిలబడి మొగుడిని చూసి గర్వపడుతోంది. ఆమెకు ఏమీ తెలియదు. ఊళ్ళో తెలిసినవాళ్ళం ఇద్దరమే. ఒకడు మాట్లాడడు. ఇంకొకదానికి మాట రాదు.

మారుతి పేరు పిలిచారు. భోజన్న పేరు పిలిచారు. డప్పులు మోగాయి.

బరిలో దిగాక ఇద్దరూ పిడికెడు మన్ను తీసి ఎదుటివాడి రెండు చేతుల్లో పెట్టి పిసకాలి. అది సలాం. అరచేతుల చెమట పోవడానికి కూడా. మారుతి మన్ను పెట్టాడు. కుడిచేతిలో మన్ను నిలిచింది. ఎడమచేతిలోది వేళ్ళ సందుల్లోంచి జారి కింద పడింది.

మారుతి ఆ చేతిని వదలలేదు. మెల్లగా నొక్కి చూశాడు. "చెయ్యికేమైంది అన్నా?" అన్నాడు. డప్పుల్లో అది మాకు తప్ప ఎవరికీ వినబడలేదు.

"ఏం గాలె. పట్టు."

"ఎన్నొద్దుల సంది?"

"పట్టమన్న గద."

పట్టాడు. తలకు తల ఆనించి తోసుకున్నారు. భోజన్న కుడిచేయి ఇనుము. ఒక్క చేత్తోనే పదినిమిషాలు నిలబడ్డాడు. జనం అరుస్తున్నారు. మారుతి ఎడమవైపు రావడం లేదు. అది నేను గమనించాను. చెట్ల మీదివాళ్ళు కూడా గమనించారని తరవాత తెలిసింది.

అప్పుడు భోజన్న కాలు జారింది. మారుతి శరీరం దానంతట అదే తిరిగింది. ఇరవై ఏళ్ళ అలవాటు. ఒక చెయ్యి భోజన్న చంక కిందికి పోయింది. ఇంకో చెయ్యి వెనక నన్ను పట్టుకుంది. పిడికిలి నిండా పట్టుకుంది. ధోబీ పట్టు.

చినిగిపోదామనుకున్నాను. నేను చినిగితే మారుతికి పట్టు తప్పుతుంది. భోజన్న నాలుగు తాలూకాల ముందు సిగ్గుపోయి నిలబడతాడు, కానీ నిలబడతాడు. కాళ్ళు ఉంటాయి. ఒక్క పోగు, రెండు పోగులు టక్కుమన్నాయి. అంతే. నాలుగు వరసల కుట్టు. ఆ దర్జీ చేతులు విరగ అనుకున్నాను. భోజన్న కాళ్ళు నేలను వదిలాయి. మనిషి మారుతి భుజం మీద తలకిందులుగా ఉన్నాడు. అతని కడుపు నాకు తగలడం మానేసింది. ఊపిరి లేదు.

మారుతి ఆగాడు.

తరవాత, నీళ్ళ కుండ దించినట్టు, మెల్లగా తిప్పి భోజన్నను కాళ్ళ మీద నిలబెట్టాడు.

మొదట ఎవరికీ అర్థం కాలేదు. డప్పు ఆగింది. చెట్టు మీది నుంచి ఎవడో అరిచాడు. "నూరా కుస్తీ!"

అంటే ముందే మాట్లాడుకుని పట్టిన దొంగ కుస్తీ అని. ఇక వేయి నోళ్ళు అందుకున్నాయి. మట్టిబెడ్డలు వచ్చి పడ్డాయి. పటేల్ బరిలోకి వచ్చి కడియాన్ని జేబులో వేసుకున్నాడు. "కడెం ఎవ్వనికి లేదు. పోండ్రి." మారుతి వంగి బరి మట్టికి మొక్కి బయటికి నడిచాడు. "దెగ్లూరోడు అమ్ముడువోయిండు" అని జనం బస్టాండ్ దాకా వెంటపడ్డారు. అతను ఒక్కసారి కూడా వెనక్కు తిరిగి నోరు విప్పలేదు. విప్పితే భోజన్న చెయ్యి సంగతి చెప్పాలి.

ఇరవై ఏళ్ళు మట్టిలో దొర్లి సంపాదించిన పేరు, ఒక మనిషిని పడేయనందుకు పోయింది. మనుషులు పడేస్తే చప్పట్లు కొడతారు. దించితే రాళ్ళు వేస్తారు. నేను గుడ్డను. నాకిది ఇప్పటికీ బోధపడలేదు.

దీపాలు పెట్టే వేళకు లింబవ్వ ఎదురుగా కూర్చుంది. "అమ్ముడువోయినవా?"

"లే."

"మరి గా మనిషి ఎందుకు దించిండు?"

భోజన్న ఎడమచేతిని తువ్వాలు మడతలోకి లాక్కున్నాడు. ఆమె అన్నం పెట్టి అవతలికి పోయింది. అన్నం అలాగే ఉంది.

తెల్లవారింది. గడప ముందు చెంబు లేదు. భోజన్న అటు చూడను కూడా చూడలేదు. నన్ను కట్టుకోలేదు. భుజం మీద వేసుకున్నాడు. ఎప్పుడూ లేనిది, తువ్వాలు ఇంట్లోనే వదిలేశాడు. ఎడమచేయి వట్టిగా వేలాడుతుంటే వీధి వెంట హోటల్‌కు పోయాడు.

పటేల్ అక్కడే ఉన్నాడు. నిన్న అరిచినవాళ్ళు సగం మంది ఉన్నారు. ఎవరూ జరిగి చోటివ్వలేదు. నిలబడే టీ అడిగాడు. హోటల్ శంకరప్ప గ్లాసు చాపితే ఎడమచేయి ముందుకు పెట్టాడు. గ్లాసు జారి బండ మీద పగిలింది.

"ఇంకొకటి" అన్నాడు.

శంకరప్ప అనుమానంగా ఇచ్చాడు. అదీ పగిలింది. వేడి టీ వేళ్ళ మీద పడి పొగలు వచ్చాయి. భోజన్న ముఖంలో కదలిక లేదు. వేళ్ళు ఎర్రబడ్డాయి. అతనికి తెలియలేదు. చూస్తున్న అందరికీ తెలిసింది.

"మూడేండ్లాయె" అన్నాడు భోజన్న. "మన్ను పెట్టేటప్పుడు మారుతికి ఎర్కైంది. మల్ల మెడ మీద పడితె కాళ్ళు పోతయ్ నాకు. గందుకే దించిండు. అమ్ముడువోలె."

అతను ఒక్క బిగిని అన్ని మాటలు మాట్లాడడం నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

"గీ ముచ్చట ముందుగాల్నే చెప్తె ఏమైతుండెరా?" అన్నాడు పటేల్.

భోజన్న కూర్చుని నన్ను నేల మీద పరిచాడు. కుడిచేత్తో గాజు పెంకులు ఒక్కొక్కటే ఏరి నాలో వేశాడు. "నేను ఊడుస్త లే" అన్నాడు శంకరప్ప. వద్దన్నట్టు తల ఊపాడు. పెంకులు మోరీ కాలవ అవతల దులిపి నన్ను మళ్ళీ భుజాన వేసుకుని రోడ్డెక్కాడు. బస్సు వస్తోంది. కుడిచెయ్యి ఎత్తి ఆపాడు.

"ఏడికి పహిల్వాన్?" అని శంకరప్ప కేకేశాడు.

"దెగ్లూర్."

"ఆడికెందుకే?"

"మారుతి ఊర్ల గూడ హోటలుంటది, గ్లాసులుంటయ్ గద" అన్నాడు. బస్సు ఎక్కాడు.