వందలో రెండు

పాత కంప్యూటరు పెట్టెకు చెవి ఆనించి విన్నాడు అంద్రెయ. లోపల హార్డ్ డిస్కు తిరుగుతోంది గానీ, మధ్యమధ్య సన్నగా టిక్కుమంటోంది. ఆ చప్పుడు అతనికి కొత్త కాదు. ఒక్కసారి కరెంటు ఆపితే ఇక అది లేవదు.

కాశీబుగ్గ బజారులో ఢిల్లీబాబు ఫోటో స్టూడియో అది. పెళ్ళి వీడియోలు ఎడిటింగ్ చేసే పని అంద్రెయది. పొడుగాటి మనిషి ఇప్పుడు కొంకెకు తగిలించిన చొక్కాలా అయిపోయాడు. కాళ్ళు మాత్రం ఉబ్బి, చెప్పుల వార్లు చర్మంలోకి దిగబడ్డాయి. ఎడమ చేతి మీద, డయాలసిస్ సూదులు గుచ్చే చోట నరం తాడులా లేచి ఉంది. ఉద్దానంలో ఆ చెయ్యి చూసి ఏమైందని ఎవరూ అడగరు. ఈ కిడ్నీ జబ్బు ఏ ఇంట్లో లేదు గనుక!

ఎదురుగా స్టూలు మీద బొడ్డమ్మ కూర్చుంది. వజ్రపుకొత్తూరు పక్క చేపల వేటకు వెళ్ళేవాళ్ళ ఊరు ఆమెది. భర్త గుజరాత్ బోట్ల మీదకు పనికి వెళ్ళి సముద్రంలోనే పోయాడు. శవం కూడా దక్కలేదు. అప్పటికి కూతురు రోజా ఇంకా కడుపులో ఉంది. అంతకుముందు జరిగిన ఆడపడుచు పెళ్ళి వీడియో ఈ స్టూడియోవాళ్ళే తీశారు. అందులో తన భర్త మాట్లాడాడని బొడ్డమ్మకు గుర్తు.

"నాన్న గొంతు ఎలాగుండేదే అమ్మా అని పిల్ల అడుగుతంది అన్నయ్యా. నానేటని సెప్పను? గొంతు నోటితో సెప్తే తెలుస్తాదా?"

"సాయంత్రం పిల్లని తీసుకుని రా సెల్లీ, ఇనిపిత్తాను" అన్నాడు అంద్రెయ. అనడమైతే అనేశాడు గానీ డిస్కు అందాకా ఉంటుందో లేదో!

ఆ పెళ్ళి వీడియో ఉన్న డిస్కుకు సరిపోయే వెడల్పాటి పాతకాలం తీగ ఈ ముసలి కంప్యూటరుకే ఉంది. ఇక్కణ్ణుంచి కొత్త కంప్యూటరుకు నెట్‌వర్కు కేబులు గుండా పంపాలి. కేబులుకు పేరు వంద. ఏం వంద, నా తలకాయ! ఆ వంద మెగాబిట్లలో, ఫైలు కొలత బైట్లలో. ఎనిమిది బిట్లయితే గానీ ఒక బైటు కాదు. ఎనిమిదితో భాగిస్తే వంద కాస్తా పన్నెండుకు దిగుతుంది. పోనీ ఆ పన్నెండైనా దక్కిందా? జబ్బు డిస్కు చచ్చీచెడీ సెకనుకు రెండు ఇస్తోంది. పెళ్ళంతా పాతిక జీబీ. అంటే మూడున్నర గంటలు. బొడ్డమ్మ భర్త మాట ఎక్కడుందో వెతుకుదామని ముందుకూ వెనక్కూ తిప్పితే డిస్కు మధ్యలోనే ప్రాణం విడుస్తుంది. మొదటినుంచి ఏకబిగిన లాగడమే మేలు. తను డయాలసిస్ చేయించుకుని వచ్చేసరికి అయిపోతుంది. కాపీ మొదలుపెట్టాడు.

"ఏటి బావా సేత్తన్నావు? వంద లైను కదా, సిటికెలో అయిపోద్ది" అన్నాడు ఢిల్లీబాబు, అప్పుడే లోపలికొచ్చి.

కేబులు వేయించిన రోజు వంద అని చెప్పింది అంద్రెయే. ఎనిమిదితో భాగించే గొడవంతా ఇతనికెందుకులే అని ఊరుకున్నాడు. ఇవాళైనా చెబుదామనుకునేసరికి బయట ఆటో హారను మోగింది. డయాలసిస్‌వాళ్ళను ఆస్పత్రికి మోసుకెళ్ళే ఆటో. ఆలస్యమైతే మంచం ఇంకొకరికి పోతుంది.

"అదే అయిపోద్ది బాబూ. నానొచ్చి సూసుకుంతాను" అని గోడ పట్టుకుని లేచాడు.

మధ్యాహ్నం భోంచేసి వచ్చిన ఢిల్లీబాబు తెర చూశాడు. వేగం రెండు! వంద రావలసిన చోట రెండేమిటి? లైను పట్టేసిందనుకున్నాడు. నెట్టు ఆగినప్పుడల్లా చేసే పనే ఇప్పుడూ చేశాడు. రెండు కంప్యూటర్లూ స్విచ్చి కట్టేసి మళ్ళీ వేశాడు. కొత్తది లేచింది. పాతదాంట్లో డిస్కు నాలుగుసార్లు టిక్కుమని ఊరుకుంది.

కంగారుగా అంద్రెయకు ఫోను చేశాడు. అతని భార్య విజయమ్మ ఎత్తింది.

"సూదులు ఎట్టినాక బీపీ పడిపోనాది బాబూ. ఎంత పిలిసినా పలకనేదు. పోనాడు" అంది. ఏడుపంతా అప్పటికే అయిపోయినట్టుంది ఆ గొంతు.

సాయంత్రం ఢిల్లీబాబు షట్టరు దించడానికి లేచేసరికి గుమ్మంలో బొడ్డమ్మ, పక్కన తలకు నూనె రాసి దువ్వుకున్న రోజా. కొత్త కంప్యూటరులోకి వచ్చినంతవరకే తెర మీద పెట్టాడు.

బ్యాండు మేళం. విస్తళ్ళు. పప్పు వడ్డిస్తున్న నల్లటి కుర్రవాడు.

"అడుగో! అడుగోనే మీ నాన్న!"

ఎవరో పిలిస్తే అతను ఇటు తిరిగాడు. నవ్వాడు. జవాబు చెప్పబోయి నోరు తెరిచాడు. బొమ్మ అక్కడే ఆగిపోయింది.

రోజా తెరకు మరింత దగ్గరగా జరిగింది. "మిగతాదేది మావా?"

"అంద్రెయ బావకి తెలుసు, ఆడొచ్చి..." అనబోయి ఢిల్లీబాబు మొహం చేతుల్లో దాచుకుని బావురుమన్నాడు.

కీబోర్డు పక్కన చిన్న ప్లాస్టిక్ సీసా ఉంది. రోజు మొత్తానికీ ఇంతకు మించి తాగకూడదని అంద్రెయ పెన్నుతో గీత గీసుకున్న సీసా. సాయంత్రానికని మిగుల్చుకున్న రెండు గుక్కల నీళ్ళు అడుగున అలాగే ఉన్నాయి.