కొమ్మలు ఎవరికి కప్పాలి

మైనస్ ఇరవై ఒకటి, అయితే ఏంటట, థర్మామీటరు చూసి హడలిపోయేది మనుషులే గాని దుంప కాదు, అనుకుంటూ కాఫీ కలుపుతున్న ద్రహోమీర చెయ్యి ఆగిపోయింది, కిటికీ బయట పెరట్లో ల్యూబా అక్క వంగి ఉంది, చంకలో ఫర్ చెట్టు కొమ్మల కట్ట, కప్పేస్తోంది, ఎనిమిదేళ్ళ కిందట గింజ వేసి మొలిపించిన మూడు నల్ల పూల ఐరిస్‌లలో మిగిలిన ఆ ఒక్కదాన్నీ, ఇంకా ఒక్క పువ్వైనా పూయనిదాన్ని, కప్పేస్తోంది, అక్కనని ఏం లాభం, ఈ విసోచినా కొండల్లో ఎవరి చేతికైనా అదే అలవాటు, నవంబరులో, చనిపోయినవాళ్ళని తలుచుకునే రోజున సమాధుల మీద కొమ్మలు పరచి దీపం పెట్టడం, మిగిలినవి ఇంటికి తెచ్చి గులాబీ పాదుల మీద వేయడం, అమ్మ అదే చేసింది, తనూ అదే చేసింది, కుండీల్లోంచి తీసి నేలలో నాటిన మొదటి ఏడు మార్చిలో కొమ్మలెత్తితే ఒక దుంప ఉడికిన ఉల్లిపాయలా వేళ్ళ కింద జారిపోయింది, చలికి పోయిందనుకుని రెండో ఏడు ఇంకా మందంగా కప్పింది, రెండోదీ పోయింది, అప్పటికి గాని బుర్రకెక్కలేదు, దాని పుట్టిల్లు కాకసస్‌లోనూ ఎముకలు కొరికే చలే, కాని పొడి చలి, చంపింది చలి కాదు, కొమ్మల కింద చేరిన తడి, అందుకే ఈ ఏడు నాలుగు ఇటుకలు, పైన పాత కిటికీ తలుపు, పక్కలన్నీ గాలికి తెరిచి, తోటల సంఘం పెద్ద ఓల్డ్‌ర్జిఖ్ అది చూసి కిటికీ పెట్టావు సరేనమ్మా, గుమ్మమెప్పుడు పెడతావు అన్నాడు, నవ్వుకోనీ.

ల్యూబా గుమ్మంలో బూట్లు విప్పి చెప్పులు తొడుక్కుంటూనే మొదలుపెట్టింది, కప్పేశానే పిచ్చిదానా, పసిబిడ్డని వీధిలో పడుకోబెట్టినట్టుంది నీ యవ్వారం, పదకొండు గంటల బస్సుంది, సంచీ సర్దుకో, బ్ర్నోలో నా ఫ్లాటు ఎంత వెచ్చగా ఉంటుందో నీకు తెలుసు కదా, మొన్న శరత్కాలంలో న్యుమోనియాతో పడ్డావు మర్చిపోయావా, నువ్వు కాలు కింద పెట్టనక్కర్లేదు, అన్నీ నేను చూసుకుంటా, అవును, ఆసుపత్రి నుంచి ఆ ఫ్లాటుకే తీసుకెళ్ళి అన్నీ చూసుకుంది, మూడు వారాలు, కిటికీ తీయనిచ్చేది కాదు, అద్దాలు చెమర్చి నీళ్ళు కారేవి, కప్పు కడగబోతే లాక్కునేది, శాలువా మీద శాలువా, దగ్గు పది రోజుల్లో పోయింది గాని మూడో వారానికి కుర్చీలోంచి లేవాలంటే అక్క చెయ్యి కావలసివచ్చింది, ఆ చెయ్యి పట్టుకున్నప్పుడు ఎంత భయం వేసింది, ఆసుపత్రిలో కూడా వేయలేదు అంత భయం.

కాఫీ బల్ల మీదే చల్లారుతోంది, ద్రహోమీర కోటు వేసుకుంది, టోపీ పెట్టుకుంది, మంచులోకి దిగింది, ముక్కు లోపల వెంట్రుకలు గడ్డకట్టాయి, ఒక్కొక్క కొమ్మా తీసి పక్కన పెడుతుంటే వెనక గుమ్మంలోంచి అక్క, చచ్చిపోతుందే అది, చస్తే చావనీ అక్కా, కిందటి రెంటినీ నేను ముద్దుచేసి చంపాను, ఇది చలికే చస్తే దాని చావు అది చస్తుంది, మొండిదానివే నువ్వు, అవును మొండిదాన్నే, కిటికీ తలుపు కింద మట్టి పిండిలా పొడిగా ఉంది, మధ్యలో వేలెడు ఆకు, కొస మాడింది, మొదలు గట్టిగా ఉంది, వేలితో నొక్కితే వంగలేదు, మోకాళ్ళు నొప్పెడుతున్నాయి, నొప్పెట్టనీ, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచి నిలబడింది, కొమ్మలన్నీ పోగుచేసి అక్క చేతుల్లో పెట్టింది, నేను రానక్కా, ఇవి తీసుకెళ్ళి అమ్మ సమాధి మీద వెయ్యి, అక్కడ పడుకున్నవాళ్ళకి కప్పాలి, మేమిద్దరం ఇంకా బతికే ఉన్నాం.